నలభై కుప్పలు

కెనడాలో జేమ్స్ అఖాతం ఒడ్డున క్రీ ఆదివాసుల ఊరు. ఏప్రిల్ నెలాఖరు, అడవి బాతులు దిగే రోజులు కాబట్టి ఊళ్ళో సగం మంది వేట గుడారాలకు సామాను కట్టేసుకున్నారు. డెబ్బై ఒక్కేళ్ళ డైసీ మాత్రం కాలి పుండుకి కట్టుతో వంటింట్లోనే ఉంది. ఎదురుగా ఆమె చెల్లెలి కూతురు జోలీన్, ఊరి ఆస్పత్రి కాగితాల కట్టతో. మధ్యాహ్నం. పొయ్యి మీద టీ కాగుతోంది. ఎంత ముంచుకొచ్చే కబురైనా ఆ ఇంట్లో టీ తర్వాతే.

“తొమ్మిదో ప్రశ్న పెద్దమ్మా. ఈ ఆరు నెలల్లో ఒక్క పూటైనా బిళ్ళ వేసుకోవడం మర్చిపోయారా?”

“ఎవరు?”

“నువ్వే.”

“నన్ను ‘మీరు’ అనడం ఎప్పుడు నేర్చుకున్నావు?”

“కాగితంలో అలా ఉంది. మర్చిపోయావా, లేదా?”

“మర్చిపోలేదు.”

“ఒక్క రోజు కూడా?”

“రొట్టె తిను, చల్లారిపోతోంది.”

“తింటాలే. ఒక్క రోజు కూడా?”

“ఏ రోజూ మర్చిపోలేదు. అలాగే రాసుకో.”

“రాసుకున్నా. అందరిదీ అదే రాశాను. నలభై మందిని అడిగితే నలభై మందీ మర్చిపోలేదన్నారు. సీసాలన్నీ ఖాళీ. ఒక్క బిళ్ళ మిగల్లేదు. డాక్టర్ గియోమ్ మాంట్రియల్ నుంచి ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? ఇరవై ఏళ్ళుగా ఇలాంటి పరీక్షలు పెడుతున్నాడట, ఇంత బుద్ధిమంతుల్ని ఎక్కడా చూళ్ళేదట.”

“మంచి పిల్లాడు.”

“మెచ్చుకోలేదు పెద్దమ్మా. అనుమానపడ్డాడు.”

“ఆ మాట నీతో అన్నాడా?”

“అనలేదు. నవ్వాడు.”

“నవ్వితే అనుమానం ఎలా అవుతుంది? నీకు మీ అమ్మ బుద్ధే వచ్చింది. అదీ అంతే, ఎవరు నవ్వినా తన్ను చూసే అనుకునేది. జామ్ వేసుకో.”

“జామ్ వద్దు. ఈ మధ్య చేదుగా ఉంటోంది.”

“చేదా?”

“రోజూ కాదు. మధ్యాహ్నం పూట ఇక్కడే తింటున్నాగా, ఒకరోజు నోట్లో పెట్టలేం, ఇంకోరోజు బాగానే ఉంటుంది. ఏమేస్తున్నావు అందులో?”

“పండ్లు. పంచదార తక్కువేస్తున్నా, మీ ఆస్పత్రి వాళ్ళేగా తగ్గించమన్నది. పదో ప్రశ్న అడుగు.”

“పదోది, కాళ్ళలో తిమ్మిరి, మంట, మొద్దుబారడం... ఆగు. నిన్న మా పిల్ల బొమ్మ ముక్క తొక్కాను చూడు, ప్రాణం పోయిందనుకో. ఇప్పటికీ మండుతోంది.”

“నొప్పేసిందా?”

“వెయ్యదా మరి?”

“బాగా వేసిందా?”

“గట్టిగా అరిచాను పెద్దమ్మా! పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు.”

“మంచిది.”

“ఏం మంచిది?”

“పక్కింటివాళ్ళు. తలుపు కొట్టేవాళ్ళు ఉండటం మంచిది. నా కాళ్ళు మొద్దుగానే ఉన్నాయి, రాసుకో.”

“సరే. ఇప్పుడు అసలు సంగతి. పొయ్యి వైపు చూడకు, టీ ఇంకా కాగలేదు. నిన్నటితో కొలతలు అయిపోయాయి. కాలి బొటనవేలికి పట్టీ కట్టి రక్తం ఎంత జోరుగా వస్తోందో చూశాం కదా? ముప్పై తొమ్మిది మందికి పెరిగింది.”

“దేవుడు చల్లగా చూశాడు.”

“అందరికీ ఇంచుమించు ఒకేలా పెరిగింది పెద్దమ్మా.”

“ఇంకా మంచిది.”

“మంచిది కాదు! అలా ఉండటానికి వీల్లేదు. సగం సీసాల్లో నువ్వు చూపించిన తమరాక్ చెట్టు బెరడు సారం పెట్టారు, సగం సీసాల్లో ఉత్త పిండి. గొట్టం బిళ్ళలు పైకి ఒకేలా ఉంటాయి. ఎవరికి ఏది వెళ్ళిందో నాకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు. షుగర్ వల్ల మూసుకుపోతున్న రక్తనాళాలకి ఆ బెరడు మేలు చేస్తుందో లేదో ఎలా తేలుతుంది? బెరడు తిన్నవాళ్ళకి పెరగాలి, పిండి తిన్నవాళ్ళకి పెరక్కూడదు. అది కదా పరీక్ష!”

“తెలుసు. మొదటి రోజే చెప్పావు. ఆ రోజు నాకు తిండి సయించలేదు.”

“ఎందుకు?”

“ముప్పై తొమ్మిది అన్నావు. ఇంకొకళ్ళకి?”

“టీ కాగింది.”

“కాగలేదన్నావుగా?”

“ఇప్పుడు కాగింది. పోస్తా ఉండు. నువ్వు లేవకు.”

తలుపు కొట్టకుండానే లోపలికొచ్చాడు డైసీ మరిది సింక్లేర్. చేతిలో ఖాళీ రేకు మగ్గు.

“వదినా, ఉన్నావా? ఓ, జోలీన్ కూడా ఉందే.”

“సింక్లేర్, బాతు కూర కోసం వచ్చావా? ఇంకా వండలేదు. సాయంత్రం రా.”

“కూరా? కాదు వదినా, రేపు తెల్లవారుజామునే గుడారానికి పోతున్నాం కదా, పళ్ళెం అడుగున ఏమైనా మిగిలిందేమో...”

“ఏమీ లేదు. నిన్నటితో అయిపోయిందని చెప్పానుగా.”

“ఒక్కటైనా? పోనీ అరముక్క?”

“సింక్లేర్. సాయంత్రం రా.”

“ఏ పళ్ళెం బాబాయ్?”

“ఏ పళ్ళెమా? ఏ పళ్ళెం... వదినా, ఏ పళ్ళెం?”

“గిన్నెలు తోముకునే పళ్ళెం.”

“అదే. గిన్నెలు తోముకునేది.”

“తోముకునే పళ్ళెం అడుగున ఏముంటుందని మగ్గు పట్టుకొచ్చావు బాబాయ్?”

“నేను పోతున్నా. మంచు కరిగిపోతోంది, బండి దిగబడుతుంది.”

“నువ్వు బండిలో రాలేదు. కిటికీలోంచి చూశాను, నడిచొచ్చావు. చర్చికి కూడా బండి మీద వెళ్ళేవాడివి. ఎప్పటినుంచి నడుస్తున్నావు?”

“అక్టోబరు నుంచి. వదిన బండిలో వస్తే ఇవ్వదుగా.”

“ఏం ఇవ్వదు?”

“సింక్లేర్, నీ నోరు కుట్టెయ్యా!”

“నేనేం చెప్పాను వదినా? బిళ్ళలని అన్నానా?”

“ఇప్పుడన్నావు.”

“జోలీన్, ఇందులో మీ పెద్దమ్మ తప్పేం లేదమ్మా. అందరం కలిసి అనుకున్నదే. నెల నెలా నువ్విచ్చిన సీసాలన్నీ తెచ్చి పళ్ళెంలో పోసేవాళ్ళం. మీ పెద్దమ్మ బాగా కలిపేది. రోజూ పొద్దున ఈ బల్ల మీద కుప్పలు పెట్టేది. నలభై కుప్పలు, ఒక్కో దాంట్లో రెండు. ఎవరూ ఏరుకోకూడదు, వంగి చూడకూడదు. అంతే. చాలా పద్ధతిగా జరిగింది.”

“పద్ధతిగా.”

“ఒక్క గొడవ కూడా లేదు.”

“బాబాయ్, వెళ్ళు.”

“కోపమా?”

“వెళ్ళు బాబాయ్.”

“మొదటి బాతు మీకే పంపిస్తా.”

సింక్లేర్ వెళ్ళిపోయాడు. మగ్గు బల్ల మీదే మర్చిపోయాడు.

“చెప్పు పెద్దమ్మా.”

“వాడు చెప్పాడుగా.”

“‘ఈ మందు ఇంకెవరికీ ఇవ్వరాదు’ అని సీసా మీద రాసుంది. మన క్రీ భాషలో కూడా రాయించాను. నేనే కూర్చుని రాయించాను!”

“చదివాం.”

“చదివి?”

“తప్పు రాశారనుకున్నాం.”

“తప్పా!”

“మరి? ఒకళ్ళకి మందు పెట్టి, పక్కవాళ్ళకి పిండి పెట్టి, ఎవరికేమైందో ఆరు నెలలు చూస్తూ కూర్చోమని ఎవరైనా నిజంగా రాస్తారా? ఆ గియోమ్‌కి తల్లి లేదా? దుప్పిని కొట్టినవాడు తొడ తను తీసుకుని, పక్కింటికి గడ్డి పంపిస్తాడా? చెట్టు చూపించింది నేను. చెట్టు మొదట్లో పొగాకు నైవేద్యం పెట్టి, దానికి చెప్పి బెరడు తీయించింది నేను. దాన్ని పట్టుకెళ్ళి సగం మందికే ఇస్తామంటే ఆ చెట్టుకి నేనేం మొహం చూపించను?”

“ఆరు నెలల పని మట్టిపాలైంది పెద్దమ్మా. బెరడు పనిచేసిందో లేదో ఇక ఎవ్వరూ చెప్పలేరు. అందరూ రోజూ పొద్దున్నే ఇక్కడికి నడిచొచ్చారు. దానివల్ల పెరిగిందేమో!”

“అయ్యుండొచ్చు.”

“ఈ బల్ల చుట్టూ కూర్చుని తీపి డ్రింకులు మానేసి టీ తాగుంటారు.”

“తాగారు. పంచదార డబ్బా నేనే దాచేశాను.”

“మరి బెరడు పనిచేసిందా, నడక పనిచేసిందా, నీ టీ పనిచేసిందా? నేను డాక్టరుకి ఏమని చెప్పను?”

“రక్తం బాగా నడుస్తోందని చెప్పు. అతనికి కావలసింది అదే కదా.”

“నా ఉద్యోగం పోతుంది.”

“పోదు. వాళ్ళకి మనూళ్ళో దారి చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారు?”

“ఇంకో మాట నిజం చెప్పు. పరీక్ష నడిచినన్నాళ్ళూ ఇంట్లో బెరడు కాచి తాగకూడదని సంతకం పెట్టావు. అది కూడా తప్పు రాశారనుకున్నావా?”

“లేదు. అది సరిగ్గానే రాశారు. ఒక్క చుక్క ముట్టలేదు.”

“ఒక్క చుక్క కూడా?”

“సంతకం పెట్టాక ఎలా తాగుతానే? నన్నేమనుకున్నావు? ఏంటలా చూస్తావు?”

“ఏం లేదు. నలభయ్యో మనిషి సంగతి.”

“నేనేగా?”

“ఎలా తెలుసు?”

“వచ్చినప్పటి నుంచీ నా మొహం తప్ప అన్నీ చూస్తున్నావు. టీ నువ్వే పోశావు. ఎప్పుడైనా పోశావా? సరేలే, అది తర్వాత చెబుదువు గానీ, నీ సంగతేంటి? నీ రక్తం ఎవరు కొలిచారు?”

“నేను అక్కడ ఉద్యోగిని. ఈ పరీక్షలో నన్ను చేర్చుకోరు.”

“చేర్చుకోవడం అడగలేదు. కొలవడం అడిగాను.”

“పదకొండో ప్రశ్న...”

“జోలీన్.”

“బాగానే ఉంది. షుగర్ కొంచెం అంచున ఉందన్నారు. అందరికీ ఉంటుంది అంచున.”

“నవంబరులో ఇదే కుర్చీలో కూర్చున్నావు. కాళ్ళు పొయ్యి దగ్గర పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్నావు.”

“అయితే?”

“మేజోడు కాలుతోంది. వాసన నాకొచ్చింది. పొగ నాకు కనిపించింది. నీకేమీ తెలియలేదు. నేను వంగి నీ కాలు లాగేదాకా నవ్వుకుంటూనే ఉన్నావు.”

“ఆ మేజోళ్ళు మందంగా...”

“బొబ్బెక్కింది. చూశాను. మీ అమ్మకీ అలాగే మొదలైంది. వేడి నీళ్ళలో కాలు పెట్టి, నీళ్ళు చల్లగా ఉన్నాయంది. యాభై రెండుకి రెండు కాళ్ళూ తీసేశారు. యాభై నాలుగుకి పోయింది. నీకిప్పుడు ముప్పై ఆరు.”

“లెక్కలు చెప్పకు పెద్దమ్మా.”

“చెప్పను. నువ్వు చెప్పు.”

“సెప్టెంబరులోనే తెలిసింది. అంచు కాదు. దాటి చాలా దూరం పోయింది. మందులిచ్చారు. డ్రాయర్లో ఉన్నాయి.”

“వేసుకోవట్లేదా?”

“లేదు.”

“ఊరందరి చేతా బిళ్ళలు మింగించావు.”

“తెలుసు! నాకు తెలియదా? ఆ డ్రాయర్ తీసినప్పుడల్లా అమ్మ చక్రాల కుర్చీయే కనిపిస్తుంది. ఒక్కటి మింగితే అది నిజమైపోతుందనిపిస్తుంది. నాకు భయం పెద్దమ్మా. చచ్చేంత భయం. మా ఆయనకి కూడా చెప్పలేదు.”

“ఊఁ.”

“తిట్టవా?”

“టీ తాగు.”

“తాగుతున్నా.”

“ఇప్పుడు నా కాలి సంగతి చెప్పు. మెల్లగా చెప్పనక్కర్లేదు.”

“అక్టోబరులో నీ బొటనవేలికి రక్తం జోరు ముప్పై ఎనిమిది ఉంది. ఇప్పుడు ఇరవై ఆరు. ముప్పై దాటకపోతే ఆ పుండు మానదట. గురువారం విమానానికి నీ పేరు రాశారు. వేలు తీసేస్తారు. పైకి పాకిందేమో తెరిచి చూస్తేగానీ చెప్పలేమన్నారు.”

“గురువారమా?”

“ఎల్లుండి.”

“అప్పటికి బాతులు పూర్తిగా దిగుతాయి.”

“పెద్దమ్మా...”

“పుట్టిన దగ్గర్నుంచి ఒక్క వసంతం కూడా ఇంట్లో కూర్చోలేదే. మీ అమ్మని మా అమ్మ కన్నది కూడా గుడారంలోనే, అప్పుడు నాకు ఏడేళ్ళు, నీళ్ళు మోశాను. వేలు పోతే బురద నేలలో ఎలా నడుస్తాను? కర్రేసుకుని బాతుల వెనక పడనా? వాటికి నవ్వు రాదూ?”

“ఏడుస్తున్నావా?”

“అవును. కాసేపు ఏడుస్తాను. నువ్వు రొట్టె తిను.”

“నాకొద్దు. పెద్దమ్మా, నాకొకటి అర్థం కావట్లేదు. ముప్పై తొమ్మిది మందికీ పెరిగింది. తొంభైకి దగ్గరపడ్డ మాథిల్డా ముసలమ్మకి కూడా పెరిగింది. నీ ఒక్కదానికే తగ్గింది. నువ్వు చూపించిన చెట్టు, నువ్వు పంచిన బిళ్ళలు. నీకెందుకు తగ్గింది?”

“నేను నడవలేదుగా. అందరూ నా దగ్గరికి వచ్చారు.”

“అదొక్కటే కాదు. నీ కుప్ప నువ్వు వేసుకున్నావా?”

“నా కుప్ప నేను తీసుకున్నాను.”

“తీసుకోవడం కాదు. మింగావా?”

“మొదటి రెండు వారాలు మింగాను.”

“తర్వాత?”

“తర్వాత ఇంకో మనిషి వచ్చింది.”

“ఏ మనిషి? నలభై మంది, నలభై కుప్పలు. సింక్లేర్ బాబాయ్ కూడా నలభై అన్నాడు.”

“మా నాన్న దుప్పి మాంసం పంచేటప్పుడు చూశావా? నువ్వు పుట్టలేదులే. పంచేవాడు చివర తీసుకోవాలి. అందరికీ కుప్పలు పెట్టేశాక ఇంకెవరైనా గుమ్మంలోకొస్తే, వేరేవాళ్ళ కుప్పలోంచి తీయకూడదు. పంచేవాడి కుప్పే ఇవ్వాలి. ఇచ్చినట్టు వాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే సిగ్గుపడి తినరు.”

“అంటే నువ్వు అయిదున్నర నెలలు ఒక్క బిళ్ళ కూడా వేసుకోలేదా? పుండు పెట్టుకుని? పోనీ బెరడైనా కాచుకోలేదా?”

“సంతకం పెట్టానని చెప్పానుగా.”

“నీకు పిచ్చా పెద్దమ్మా! ఎవరికిచ్చావు? ఆ మనిషి పేరు చెప్పు. పట్టికలో లేని మనిషి ఆ బిళ్ళలు తింటే ఏమవుతుందో నీకు తెలుసా? నేను వెళ్ళి కాళ్ళు చూడాలి, రక్తం చూడాలి. ఎవరు?”

“బాగానే ఉంది. నిన్న అరిచిందట.”

“ఎవరు అరిచింది? పెద్దమ్మా, చేతిలో ఆ కత్తి పక్కన పెట్టు. రొట్టె నేను కోసుకుంటాను. ఎవరు?”

“ఇదిగో, ఇవాళ జామ్ వేసుకోవచ్చు, చేదుండదు. విప్పి అందులో కలపడానికి నా దగ్గర ఇంక గొట్టం బిళ్ళలు లేవు. రేపటి నుంచి నీ డ్రాయర్లోవి నువ్వే మింగాలి.”